సగం దొరికిన రహస్య నివేదిక: హెండర్సన్ బ్రూక్స్–భగత్ ప్రతిపై ఒక సమీక్ష

1962లో చైనాతో జరిగిన యుద్ధంలో భారత సైన్యం అంత త్వరగా ఎందుకు చెదిరిపోయిందో తేల్చమని సైన్యాధిపతి తన అధికారుల్లో ఇద్దరికి అప్పగించగా, వారు 1963లో రాసి ఇచ్చిన నివేదిక ఈనాటికీ అధికారికంగా విడుదల కాలేదు. అయితే ‘ద టైమ్స్’ పత్రికకు ఒకప్పుడు ఢిల్లీ విలేకరిగా పనిచేసిన నెవిల్ మాక్స్‌వెల్ 2014 మార్చిలో ఆ నివేదిక మొదటి సంపుటంలో తన దగ్గరున్న భాగాన్ని సొంత వెబ్‌సైటులో పెట్టడంతో, చదవదలచినవారికి అది ఎలక్ట్రానిక్ ప్రతిగా దొరికింది. ఈ సమీక్ష ఆ ప్రతి గురించి. నా అంచనా ముందే చెబుతాను. చేతికి వచ్చిన వస్తువుగా చూస్తే ఇందులో లోపాలు చాలానే ఉన్నాయి. అయినా 1962 గురించి ఒక్క పత్రం మాత్రమే చదివే ఓపిక ఉన్నవారు దీన్నే చదవాలి, ఎందుకంటే ఢిల్లీలో తీసుకున్న ఒక నిర్ణయం కొండ మీది చిన్న శిబిరం దాకా దిగే దారిలో దాని షరతులు ఎక్కడ జారిపోయాయో ఇంత ఓపికగా చూపించే కాగితం మరొకటి నేను చదవలేదు.

ముందు ప్రతి నాణ్యత సంగతి. ఇది టైపు చేసిన పుటలను స్కాన్ చేసిన కట్ట. బయటికి వచ్చినవి 126 పుటలు. 112 నుంచి 157 వరకు ఉండవలసిన పుటలు ఇందులో లేవు, కాబట్టి చదువుతూ పోతున్నవారికి కథ మధ్యలో తెగుతుంది. ఫైలు పాడైందేమోనని మళ్లీ దింపుకోవలసిన పనిలేదు, వచ్చిందే అంత. అనుబంధాలుండే రెండో సంపుటం అసలే బయటికి రాలేదు, అందువల్ల ప్రధాన పాఠం ఏ సందేశాన్ని, ఏ లేఖను ఆధారం చేసుకుని ఒక నిర్ధారణకు వచ్చిందో ఆ మూలాన్ని పాఠకుడు తన కళ్లతో చూసుకునే అవకాశం లేదు. పటాలు పక్కన లేకుండా తూర్పు సరిహద్దులోని నామ్‌కా చూ లోయ గురించి, థాగ్ లా కొండకొమ్ము గురించి చదవడం దాదాపు వృథా ప్రయాస. సైన్యపు సంక్షిప్త పదాలు పేరా పేరాకీ అడ్డం వస్తాయి, వాటికి వివరణ ఉండదు, ఎందుకంటే ఇది మనలాంటివారి కోసం రాసింది కాదు.

రాసినవారి అర్హత గురించి సందేహం అవసరం లేదు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్ అప్పుడు జలంధర్‌లోని 11వ కోర్‌కు (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళానికి) అధిపతి. బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్ దెహ్రాదూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి అధిపతి, రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు తొలగించిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందినవాడు. ఓటమి తరువాత రాజీనామా చేసిన జనరల్ థాపర్ స్థానంలో వచ్చిన జనరల్ జె.ఎన్. చౌధురి వీరిని నియమించాడు. శిక్షణ, ఆయుధ సామగ్రి, ఆజ్ఞా వ్యవస్థ, సైనికుల శారీరక దారుఢ్యం, తమ కింది వారిని నడిపించగల శక్తి కమాండర్లకు ఎంత ఉన్నది అనే ఐదు విషయాలను చూడమన్నాడు. సైనిక ప్రధాన కార్యాలయం పనితీరును మాత్రం పరిశీలన పరిధిలోకి రానివ్వలేదు. అంటే జబ్బు తలలో ఉందని అందరికీ అనుమానం ఉండగా, మెడ నుంచి కిందికి మాత్రమే పరీక్షించమని వైద్యులకు చెప్పారన్నమాట. నివేదికకు అసలు పరిమితి ఇదే, దాన్ని రచయితలు దాచిపెట్టలేదు. పై కార్యాలయంలో ఏం జరిగిందో చూసే వీలు లేకపోవడం తమ పనికి అడ్డమైందని వారే నమోదు చేశారు. కానీ పరిధి గీసినవారు ఒకటి మరిచిపోయారు: పై నుంచి కిందికి వచ్చిన ప్రతి ఆదేశానికీ ఒక నకలు కింద ఉంటుంది. కమాండ్‌ల దగ్గర, కోర్‌ల దగ్గర భద్రంగా ఉన్న ఆ నకళ్లను వరసగా పేర్చి, గేటు బయట నిలబడే ప్రధాన కార్యాలయం లోపలి గదులను ఈ ఇద్దరూ మనకు చూపించారు.

ఈ పద్ధతి బాగా పండిన చోటు ఫార్వర్డ్ పాలసీ, అంటే సరిహద్దు వైపు ముందుకు వెళ్లి శిబిరాలు పెట్టే విధానం, గురించిన భాగం. 1961 నవంబరు 2న ప్రధానమంత్రి నెహ్రూ సమక్షంలో జరిగిన సమావేశంలో రక్షణ మంత్రి కృష్ణ మీనన్, సైన్యాధిపతి థాపర్, ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి బి.ఎన్. మల్లిక్ తదితరులు ఉన్నారు. అక్కడ తేలిన నిర్ణయంలో మూడు అంశాలు ఉన్నాయి. లద్దాఖ్‌లో మనం గుర్తించే సరిహద్దు వైపు వీలైనంత ముందుకు గస్తీ వెళ్లి, చైనావారు ఇంకా ముందుకు రాకుండా శిబిరాలు పెట్టడం మొదటిది. మధ్య, తూర్పు సరిహద్దుల్లో కూడా అటువంటి పనే చేయడం రెండోది. ఆ ముందరి శిబిరాల వెనుక, అనువైన తావుల్లో, పెద్ద బలగాలను మోహరించి ఉంచి, అవసరమైతే వాటిని ఆదుకునేలా చూడడం మూడోది. సైనిక ప్రధాన కార్యాలయం ఆ తరువాత డిసెంబరు 5న కమాండ్‌లకు పంపిన ఆదేశాల్లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. నివేదిక ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, గొంతు పెంచదు. చదివేవాడికి మాత్రం ఆ పేరా దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ తరువాత పదకొండు నెలల్లో లద్దాఖ్‌లో వెలిసిన, పది ఇరవై మందితో, గాలిలోంచి జారవిడిచే సరుకుల మీద బతికే శిబిరాలన్నీ ఆ మూడో అంశం లేకుండా వెలిసినవే.

ఆ అంశం ఎందుకు జారిపోయిందన్న ప్రశ్నకు సమాధానం ప్రధాన కార్యాలయం లోపల ఉంది, అక్కడికి రచయితలు వెళ్లలేరు. కానీ అది జారిపోయినా ఎవరికీ భయం వేయకపోవడానికి కారణం వారికి దొరికింది. మనం కొత్త శిబిరాలు పెట్టినా చైనావారు ఎదురు చర్యకు దిగరనీ, దిగగల స్థితిలో ఉన్నా బలప్రయోగం చేయరనీ ఇంటెలిజెన్స్ బ్యూరో అంచనా. తాము తమదనుకునే భూభాగాన్ని మనం తిరిగి తీసుకోబోతే చైనావారు బలంతో ఎదిరిస్తారని సైన్యం సొంత అంచనా అంతకు ముందే చెప్పి ఉంది. రెండింటిలో చెల్లుబాటైంది మొదటిది. సొంత బలాన్ని నమ్ముకోకుండా శత్రువు కదలడన్న నమ్మకం మీద పథకం నిలపడం సైనిక శాస్త్రం ఒప్పుకోని పని అని నివేదిక తేల్చింది. ఈ విధానాన్ని అమలు చేసే శక్తి తమకు లేదని జనరల్ స్టాఫ్ (ప్రధాన కార్యాలయంలో యుద్ధ పథకాలు చూసే విభాగం) ప్రభుత్వానికి స్పష్టంగా చెప్పకపోవడం ఊహకు అందని విషయమని కూడా అన్నది. రాజకీయ నాయకత్వాన్ని మాత్రమే దోషిగా చూడడానికి అలవాటు పడిన పాఠకులు ఈ భాగాన్ని తప్పక చదవాలి. సైన్యం తన మీద తానే ఇంత కఠినంగా రాసుకున్న సందర్భాలు మన దేశంలో అరుదు, కనీసం బయటి పాఠకుడి కంటపడినవి.

లద్దాఖ్ అధ్యాయంలో వెస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్‌కు మంచి మార్కులు పడ్డాయి, అవి న్యాయమైనవేనని నా అభిప్రాయం. ఉన్న బలగం చాలదని, మరింత బలగం కావాలని ఆ కమాండ్ అడుగుతూనే ఉంది. 1962 ఆగస్టులో, గల్వాన్ శిబిరం చుట్టుముట్టబడిన నెల రోజుల తరువాత, రాజకీయ నిర్దేశం సైనిక సాధనాలకు తగినట్టు ఉండాలని దౌలత్ సింగ్ లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఢిల్లీలో ఎవరినీ కదిలించలేదు. అక్టోబరు 20న దాడి మొదలైనప్పుడు చిన్న శిబిరాలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. అయినా ఆ కమాండ్ చుషూల్ వైపు బలగాలను సర్దుకుని నిలబడగలిగింది. నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావూన్ కంపెనీ దాదాపు చివరి మనిషి వరకు పోరాడింది కూడా ఈ రంగంలోనే. మాట వినని పై అధికారుల కింద పనిచేసే కమాండర్ ఎంత వరకు చేయగలడో తెలుసుకోవాలనుకునేవారికి ఈ భాగం ఉపయోగపడుతుంది.

తూర్పు భాగం చదవడం కష్టం, పుటలు తెగిపోయినందువల్ల మాత్రమే కాదు. నేఫాలో, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో, భూటాన్ మూలకు దగ్గరగా 1962 జూన్‌లో పెట్టిన ధోలా శిబిరంతో ఇక్కడ కథ మొదలవుతుంది. తూర్పున మనం సరిహద్దుగా గుర్తించే మెక్‌మహన్ రేఖను ఆ కాలపు మన పటాల్లో గీసిన తీరును బట్టి చూస్తే ఆ శిబిరం రేఖకు ఉత్తరాన ఉందని నివేదిక ఒప్పుకుంటుంది. రేఖ నిజానికి థాగ్ లా శిఖర శ్రేణి మీదుగా పోవాలన్నది మన వాదన. ఆ వాదనలో బలం ఉండవచ్చు, కానీ పాత పటమే చైనావారి చేతిలో కూడా ఉన్నప్పుడు, వివాదం తేలని చోట, సరఫరా దారి లేని లోయ అడుగున శిబిరం పెట్టడంలోని ప్రమాదం ఏ కింది అధికారికైనా కనిపించేదే. సెప్టెంబరు 8న చైనా సైనికులు థాగ్ లా దాటి శిబిరం మీదికి దిగాక, వారిని వెళ్లగొట్టాలన్న నిర్ణయం ఢిల్లీలో జరిగింది. ఆ పనికి ఏమేమి కావాలో లెక్కలు వేసి, ఇవి లేకుండా కుదరదని చెప్పిన 33వ కోర్ అధిపతి ఉమ్రావ్ సింగ్ చేతిలోంచి ఆ బాధ్యతను తీసేశారు. అక్టోబరు 4న 4వ కోర్ అనే కొత్త కార్యాలయాన్ని రాత్రికి రాత్రి సృష్టించి, యుద్ధరంగంలో పెద్ద దళాన్ని నడిపిన అనుభవం లేని చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ బి.ఎం. కౌల్‌ను దానికి అధిపతిగా పంపారు.

నామ్‌కా చూ ఒడ్డున బ్రిగేడియర్ జాన్ దల్వీ నాయకత్వంలోని 7వ బ్రిగేడ్‌కు పట్టిన గతి తెలిసినదే. నూలు దుస్తులతో, చాలని తూటాలతో, ఎదురుగా ఎత్తున ఉన్న శత్రువు కింద, నది వెంట పొడుగ్గా పరచి నిలబెట్టిన ఆ బ్రిగేడ్ అక్టోబరు 20 ఉదయం కొన్ని గంటల్లోనే ముక్కలైంది, దల్వీ 22న బందీ అయ్యాడు. నివేదిక విలువ ఆ విషాద వర్ణనలో లేదు. అక్టోబరు 10న త్సెంగ్ జాంగ్ దగ్గర 9 పంజాబ్ దళం మీద జరిగిన దాడితో శత్రువు బలం కళ్లారా తెలిసిన తరువాత కూడా, బ్రిగేడ్‌ను అక్కడి నుంచి వెనక్కి తీయడానికి పది రోజుల వ్యవధి ఉన్నా, తీయనిచ్చే అధికారం ఎవరి దగ్గర ఉందో తేలకుండానే ఆ పది రోజులూ గడిచిపోయాయన్న విషయంలో ఉంది. బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ అనే మెట్లు ఉన్నది ఒకరి మాట ఒకరు సరిచూసుకోవడానికి. కౌల్ ఢిల్లీతో నేరుగా మాట్లాడుతుంటే మధ్యలోని ఈస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎల్.పి. సేన్ కార్యాలయం సంతకాల బల్లగా మిగిలింది. జబ్బుపడి ఢిల్లీకి వెళ్లిన కౌల్ మంచం మీది నుంచే కోర్‌ను నడపడం ఈ మొత్తంలో అన్నిటికన్నా వింత ఘట్టం.

నవంబరులో నేఫాలోని సేలా కనుమ, దిరాంగ్ జాంగ్, బొమ్‌డిలా వరసగా కూలడం గురించి ఎక్కువ చెప్పను. ఎత్తయిన, కాపాడుకోదగిన సేలాలో ఒక బ్రిగేడ్, వెనుక దిరాంగ్ జాంగ్‌లో డివిజన్ కార్యాలయం, ఇంకా వెనుక బొమ్‌డిలాలో మరో బ్రిగేడ్ ఉండగా, శత్రువు కొండదారుల వెంట వెనుకకు చేరి రోడ్డు కోసేసరికి, నవంబరు 17, 18 తేదీల్లో డివిజన్ మొత్తం చెదిరింది. నవంబరు 21న చైనా తనంతట తాను కాల్పుల విరమణ ప్రకటించింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ యుద్ధంలో మరణించినవారు 1,383 మంది, ఆచూకీ తెలియనివారు 1,696 మంది, బందీలైనవారు 3,968 మంది.

శైలి విషయానికి వస్తే, అంకెలు వేసిన చిన్న పేరాలు, విశేషణాలు తక్కువ. అందువల్లే అప్పుడప్పుడు వచ్చే కఠినమైన వాక్యం గుచ్చుకుంటుంది. కౌల్ ఏరికోరి తెచ్చుకున్న అధికారులే జనరల్ స్టాఫ్‌లోని కీలక పదవుల్లో ఉన్నారనీ, కాబట్టి వ్యక్తుల మధ్య పొసగకపోవడాన్ని సాకుగా చెప్పలేరనీ, ఆ పదవులను బాధ్యతగా కాక పదోన్నతికి మెట్టుగా చూస్తే ఫలితం ఇలాగే ఉంటుందనీ రాసిన చోటు ఒకటి. యుద్ధపు ఒత్తిడి ఏమీ లేకుండా ఢిల్లీలో కూర్చున్న స్టాఫ్ అధికారుల తప్పులు, రణరంగంలో కమాండర్లు చేసిన తప్పులకన్నా ఘోరమైనవని తేల్చిన చోటు మరొకటి. ప్రధాన కార్యాలయం జోలికి పోవద్దన్నవారికి ఇంతకన్నా మర్యాదైన జవాబు ఉండదు.

లోపాలూ చెప్పాలి. ఇది సైన్యం గురించి సైనికులు రాసినది, కాబట్టి మంత్రివర్గంలో, విదేశాంగ శాఖలో నిర్ణయాలు ఎలా జరిగాయో ఇందులో దొరకదు. పోరుకు యుద్ధ విమానాలను ఎందుకు దింపలేదన్నది ఈ యుద్ధం మీద నేటికీ అడిగే పెద్ద ప్రశ్న, దానికి ఇక్కడ జవాబు వెతకవద్దు. చైనా ఎందుకు దాడి చేసిందన్నది దీని విషయమే కాదు. ఈ చివరి సంగతిని గట్టిగా చెప్పవలసి వస్తున్నది, ఎందుకంటే ఈ ప్రతిని మనకు అందించిన మాక్స్‌వెల్ యుద్ధానికి భారతే కారణమన్న వాదనకు చాలాకాలంగా కట్టుబడినవాడు, ఆయన పేరుతో వచ్చిన ఈ పుటలు ఆ వాదనను రుజువు చేస్తాయని చాలామంది చదవకుండానే నమ్మారు. మనవైపు తొందరపాటు ఎంతో ఇవి చూపిస్తాయి. బీజింగ్‌లో ఎవరు ఏమనుకున్నారో వీటిలో లేదు. జవాను గొంతు కూడా ఇందులో దాదాపు వినిపించదు. పత్రాల మీద ఆధారపడిన పరిశీలనకు అది సహజమైన పరిమితి, అయినా చదువుతుంటే వెలితిగానే ఉంటుంది.

ఇక ఈ నివేదికను మనకు ఇవ్వవలసిన ప్రభుత్వ సేవ సంగతి. రక్షణ మంత్రి వై.బి. చవాన్ 1963 సెప్టెంబరు 2న పార్లమెంటులో చేసిన ప్రకటనలో ఐదు అంశాల సారాంశం చెప్పి, భద్రత కోసం, సైనికుల మనోబలం కోసం పూర్తి పాఠం బయటపెట్టలేమన్నాడు. అప్పటికి అది అర్థం చేసుకోదగిన మాటే. సీనియర్ పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ సమాచార హక్కు చట్టం కింద ప్రతి అడిగితే 2009లో కేంద్ర సమాచార కమిషన్ కాదన్నది. 2010లో రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ ఇందులోని విషయాలు నేటికీ సైనిక కార్యకలాపాలకు సంబంధించి విలువైనవని పార్లమెంటుకు చెప్పాడు. 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ ఇటువంటి పత్రాలను ఎల్లకాలం రహస్యంగా ఉంచడం ప్రజాహితం కాకపోవచ్చని రాశాడు, అదే ఏడాది జులైలో రక్షణ మంత్రిగా విడుదల దేశహితం కాదని రాజ్యసభకు జవాబిచ్చాడు. నేను చదివిన పుటల్లో ఈనాటి మోహరింపులకు పనికొచ్చే రహస్యం ఏదీ నాకు కనబడలేదు. అప్పటి దళాలు, దారులు, ఆయుధాలు అన్నీ మారిపోయాయి. 2021లో రక్షణ శాఖ కొత్త విధానం ప్రకటించి, సాధారణంగా 25 ఏళ్లకు యుద్ధ పత్రాల మీది రహస్యాన్ని తొలగిస్తామన్నది. ఆ గడువు ఈ నివేదికకు 1988లోనే దాటిపోయింది.

పోల్చి చూడదలచినవారికి పక్క దేశంలో ఒకటి ఉంది. 1971 ఓటమి మీద పాకిస్థాన్ ప్రధాన న్యాయమూర్తి హమూదుర్ రహ్మాన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ నివేదిక కూడా దశాబ్దాలు బీరువాలో ఉండి, 2000లో భారతీయ పత్రికలో కొంత భాగం వెలువడ్డాక, ఆ ఏడాది చివర పాకిస్థాన్‌లోనే విడుదలైంది. అది 213 మంది సాక్షులను విన్న తరువాత రాసినది కాబట్టి మనుషుల మాటలు, తగాదాలు, నైతిక తీర్పులు నిండుగా ఉంటాయి, చదవడం సులువు. ఒక వ్యవస్థ ఎలా పనిచేయడం మానేస్తుందో తెలుసుకోవడానికి నాకు మాత్రం హెండర్సన్ బ్రూక్స్, భగత్‌ల ఎండిపోయిన పేరాలే ఎక్కువ పనికొచ్చాయి.

సైనిక చరిత్ర కొత్తగా మొదలుపెట్టేవారికి దీన్ని మొదటి పఠనంగా సూచించను, యుద్ధ క్రమం తెలియకపోతే ముప్పై పుటల్లో విసుగు వస్తుంది. తెలిసినవారు మొదట ఉపోద్ఘాతం, తరువాత ఫార్వర్డ్ పాలసీ, లద్దాఖ్ భాగాలు చదివి, తవాంగ్ ప్రాంతపు మంచి పటం ఒకటి ముందు పెట్టుకున్నాకే ధోలా దగ్గరికి వెళ్లడం మేలు. చవాన్ ప్రకటనను చివరికి అట్టిపెట్టుకోండి. లోపాలు పై స్థాయి నాయకత్వంలోనే ఎక్కువగా కనబడ్డాయన్న ఆయన మాట ఎంత కుదించి చెప్పినదో ఈ 126 పుటల తరువాత చదివితేనే తెలుస్తుంది.